నున్న ఈకల పెట్ట

మా అన్నయ్య కోళ్ళను కొత్తగా చూసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే మాట. "మిత్సుయో గారూ, వీటికి కూడా మీరే తిప్పారా ఉంగరాలు?" అని. రోడ్డు వైపు నా పార్లరు, వెనక పెరట్లో అన్నయ్య తొకుజి కోళ్ళగూళ్ళు. ముందు గుమ్మంలోంచి ఆడవాళ్ళు ఉంగరాల జుట్టుతో బయటికెళ్తుంటారు, వెనక పెరట్లో కోళ్ళు ఉంగరాల ఈకలతో తిరుగుతుంటాయి. అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ ముప్పై ఏళ్ళుగా వింటున్న మాటకి ఇంకా నవ్వమంటే నావల్ల కాదు.

అవి చాబోలు, దోసిట్లో పట్టే పొట్టి కోళ్ళు. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత పొట్టి. మామూలు చాబోకి ఈకలు ఒంటికి నున్నగా అంటుకుని ఉంటాయి. మా వాటికి ప్రతి ఈకా వెనక్కి తిరిగి మెడ వైపు చుట్టుకుంటుంది. మా వైపు పేరున్నది పొడుగుతోక పుంజులకి. వాటి యజమానులు తోక నేలకి తగలకుండా ఎత్తు పెట్టెల్లో నిలబెట్టి పెంచుతారు. వాళ్ళకి చాబోలంటేనే చిన్నచూపు, ఉంగరాల చాబోలంటే మరీను. "తొకుజీ, నీ కోడి తుఫానులో చిక్కుకుందా?" అంటారు. అన్నయ్య మేత చల్లుకుంటూ పోతాడు.

ఆ సంతతి యుద్ధానికి ముందు నుంచి మా పెరట్లో ఉంది. నాన్న పోయినప్పుడు అన్నయ్యకి పద్నాలుగేళ్ళు. ఇల్లు, నేను, కోళ్ళు మూడూ కలిపి ఆయన నెత్తిన పడ్డాయి. బొనిటో చేపలు ఎండబెట్టే షెడ్డులో పని చేసి నన్ను చదివించాడు, పార్లరు పెట్టించాడు, తను పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు మా జిల్లాలో ఉంగరాల చాబోలు పది ఇళ్ళలో ఉండేవి. ఒక్కొక్కరే మానేశారు. చివరికి మా ఇంట్లో తప్ప ఎక్కడా లేవని అందరూ అనుకునేవాళ్ళు, మేమూ అలాగే అనుకున్నాం.

చాబోలు పెంచేవాళ్ళకి ఒక లెక్క ఉగ్గుపాలతో అబ్బుతుంది. పొట్టికాళ్ళ పుంజునీ పొట్టికాళ్ళ పెట్టనీ జత కడితే, నాలుగు గుడ్లలో ఒకటి పెంకులోనే చచ్చిపోతుంది. ఒకటి పొడుగుకాళ్ళతో వస్తుంది. రెండు సరైనవి. చచ్చినదాని గురించి ఎవరూ ఏడవరు. "అది పన్ను" అంటారు.

ఈకలకీ మా ఇంట్లో అదే పద్ధతి. ఉంగరాలదాన్ని ఉంగరాలదానికే కట్టాలి. నున్న ఈకల పిల్ల పుడితే నెల తిరక్కముందే ఎవరికో ఇచ్చెయ్యాలి. నున్నది పెరట్లో ఉంటే సంతతిలోంచి ఉంగరం కారిపోతుందని నాన్న చెప్పాడట. "కారిపోవడానికి అదేమైనా చిల్లుకుండలో నీళ్ళా?" అని చిన్నప్పుడు అన్నయ్యని అడిగితే నెత్తిన మొట్టికాయ పడింది.

మూడో నెలలో ఏ పిల్లలకి ఉంగరాలు బాగా బిగువుగా ఉంటే వాటినే అన్నయ్య విత్తనానికి ఉంచేవాడు. చూడ్డానికి చామంతి పువ్వుల్లా ఉండేవి మరి. చలికాలం వచ్చేసరికి ఆ ఈకలే విరిగి రాలేవి. కిందటి తరం కన్నా ఈ తరం, ఈ తరం కన్నా వచ్చే తరం, బట్టలు విప్పేసినట్టు తయారవుతూ వచ్చాయి. అన్నయ్య పురుగు పట్టిందని గంధకం చల్లాడు, బలం చాల్లేదని బొనిటో పొట్టు తెచ్చి పెట్టాడు, గూటికి గడ్డి చుట్టాడు. చివరి మూడేళ్ళూ ఒక్క పిల్లకి కూడా ఈకలు నిలవలేదు. వానకి కొన్ని పోయాయి, చలికి కొన్ని పోయాయి. అదీ పన్నే అనుకున్నాడు అన్నయ్య. పన్ను కట్టీ కట్టీ ఇల్లే పోయేలా ఉందని ఆయనకి తట్టలేదు.

మా జపాను లెక్కలో షోవా యాభై మూడో ఏడు, అంటే 1978 జనవరిలో రెండు పెట్టలు ఒకే వారంలో చచ్చిపోయాయి. ఒక్క పుంజు మిగిలింది. సగం పీకి వదిలేసినట్టు ఎర్రటి ఒళ్ళు, భుజాల మీద నాలుగు విరిగిన ఈనెలు. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, దాన్ని చూసి అన్నయ్య కూడా మొహం తిప్పుకున్నాడు.

రెండో పెట్ట పోయిన మర్నాడు పొద్దున్నే సుత్తి తీసుకుని ఖాళీ గూడు పలకలు ఊడదీస్తుంటే నేను వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం చేస్తున్నావన్నయ్యా?"

"పొయ్యిలోకి పనికొస్తాయి."

"పుంజు ఇంకా బతికే ఉందిగా."

"అదెన్నాళ్ళు. నాన్న చేతిలో వంద కోళ్ళుండేవి. నా చేతికొచ్చి అయిపోయాయి. నా చెయ్యి మంచిది కాదు మిత్సుయో. ఒప్పుకుంటే పోలా."

అరవై మూడేళ్ళ మనిషి, నాకు తెలిసి ఎన్నడూ తన తప్పని ఒక్క మాట అనని మనిషి, ఆ మాట అంత మామూలుగా అనేసరికి నేను తిన్నగా పుంజు గూట్లోకి చెయ్యి పెట్టాను. పుంజుని చంకన పెట్టుకుని తీసుకొచ్చి పార్లరు వెనక గదిలో, కిరోసిన్ పొయ్యి పక్కన బుట్టలో పెట్టాను. అక్కడ పెడితే అన్నయ్య రాడు. మందుల వాసన పడదంటూ ఆయన నా పార్లరు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

నాలుగు రోజుల తర్వాత యొషినాగా అవ్వ జుట్టుకి ఉంగరాలు తిప్పే పర్మ్ చేయించుకోవడానికొచ్చింది. జుట్టు తడిపి, పుల్లలకి చుట్టి మందు పోశాను. విప్పుతుంటే కొసలు పుల్లతో పాటే ఊడొచ్చాయి.

"అవ్వా, నిజం చెప్పు. ఈమధ్య ఇంకెవరైనా వేశారా?"

అవ్వ అద్దంలో నా వంక చూడలేదు. "కొత్త సంవత్సరానికి ఒసాకా నుంచి కోడలొచ్చింది. ఇంట్లోనే వేసింది. నాకు చాల్లేదనిపించింది."

"రెండు వారాలు కాలేదు. ఒకదాని మీద ఇంకొకటి వేయిస్తారా ఎవరైనా?"

"ఒకసారి వేస్తే అందమొస్తే, రెండుసార్లు వేస్తే రెండింతలు రావద్దూ?"

"రెండింతలు రాదు, బోడిగుండొస్తుంది. ఈ జుట్టు చూడు, పట్టుకుంటే పుటుక్కుమంటోంది."

మిగిలినంత మేర కత్తిరించి, బుజ్జగించి పంపించాను. ఊడ్చేటప్పుడు నేల మీద అవ్వ జుట్టుతో పాటు పుంజు ఈక ఒకటి కనిపించింది. రెండింటినీ వేళ్ళ మధ్య పెట్టి వంచాను. రెండూ ఒకేలా విరిగాయి. ఈక ఈనె మధ్యలో బోలుగా, పొడిపొడిగా ఉంది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా పుంజుకి పర్మ్ రెండుసార్లు పడింది. తండ్రి ఒకటి ఇచ్చాడు, తల్లి ఒకటి ఇచ్చింది. ఒకటే అందితే చామంతి పువ్వు. రెండూ అందితే బోడి. ఏదీ అందకపోతే నున్నది. అన్నయ్యేమో యొషినాగా అవ్వ లాగే, ఒకటి బాగుంటే రెండు ఇంకా బాగుంటాయని యాభై ఏళ్ళుగా ఒకదాని మీద ఒకటి వేయిస్తున్నాడు.

సాయంత్రం అన్నం దగ్గర చెప్పాను. చెప్పడమే కాదు, పర్మ్ పుల్లలు తెచ్చి బల్ల మీద పెట్టాను, ఎర్ర పుల్లంటే ఉంగరం, తెల్ల పుల్లంటే నున్నన. ప్రతి కోడి దగ్గరా రెండు పుల్లలుంటాయి, పిల్లకి తల్లీ తండ్రీ తలా ఒకటి ఇస్తాయి. "మన పుంజు దగ్గర రెండూ ఎర్రవే. దీనికి రెండు తెల్ల పుల్లలున్న నున్న పెట్టని కడితే, పుట్టే ప్రతి పిల్లకీ ఒక ఎర్రది, ఒక తెల్లది. అన్నీ ఉంగరాలవే పుడతాయన్నయ్యా. ఒక్కటి కూడా బోడిది ఉండదు."

అన్నయ్య మిసో చారు గిన్నె కింద పెట్టాడు. "కత్తెర పట్టుకునేదానివి, కోళ్ళ సంగతి నాకు చెప్తావే?"

"కాళ్ళకి నువ్వు చేసేది ఇదేగా. పెంకులో మరీ ఎక్కువ చస్తుంటే ఒక ఏడాది పొడుగుకాళ్ళ పెట్టని తెచ్చి కట్టవూ? ఆ ఏడు పెంకులో ఒక్కటీ చావదని నువ్వే చెప్పావు."

"కాలు వేరు, ఈక వేరు."

"ఎందుకు వేరు?"

"వేరంటే వేరు. నున్నది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

మా అన్నయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను కూడా ఆ ఇంట్లోనే పుట్టానని ఆయన మర్చిపోయాడు. ఆయన గుమ్మం వెనక వైపుది. ముందు గుమ్మం నాది.

మర్నాడు పార్లరు మూసేసి, సైకిలు మీద కొండ కింద అల్లం తోటలకి పోయాను. అక్కడ కువనా ఇత్సుయె గారని, నాకన్నా పెద్దావిడ. అన్నయ్య ఇచ్చేసిన నున్న పిల్లలన్నీ ఆవిడ దగ్గరికే చేరతాయి. చాబో పెట్టంత బాగా పొదిగేది ఇంకోటి లేదు. బాతు గుడ్లు పెట్టినా పొదుగుతుంది, అడవికోడి గుడ్లు పెట్టినా పొదుగుతుంది. విషయం విని ఇత్సుయె గారు అల్లం గడ్డల మట్టి దులుపుతూ పగలబడి నవ్వారు.

"అంటే మీ అన్నగారు ఇన్నేళ్ళూ విత్తనాలు నాకిచ్చి, పొట్టు తన దగ్గర ఉంచుకున్నారన్నమాట."

"ఆయన ముందు అనకండి, ఉన్న ఒక్క గూడూ పొయ్యిలో పెట్టేస్తాడు."

"నేనెందుకంటాను, నాకేం పోయేకాలమా. కావలసింది పట్టుకెళ్ళండి."

పదకొండు పెట్టలున్నాయి. ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, గిరాకీల తల పాపిడి తీసి మొదళ్ళు చూసినట్టు, మెడా వీపూ పాయలు పాయలుగా విడదీసి చూశాను. ఒకదానికి మెడ మీద ఈకలు కొద్దిగా లేచి ఉన్నాయి, దాన్ని వదిలేశాను. ఒకదానికి రెక్క కొసలు వంకర, దాన్నీ వదిలేశాను. చివరికి నల్లతోక తెల్ల పెట్ట ఒకటి దొరికింది. రెక్క విప్పితే విసనకర్ర విప్పినట్టు చదునుగా ఉంది. మా అన్నయ్య సిగ్గుపడి పంపేసిన కోడి మనవరాలో మునిమనవరాలో అయి ఉంటుంది. ఇత్సుయె గారు నాలుగు అల్లం గడ్డలు కూడా బుట్టలో వేసి, ఎప్పటికప్పుడు కబురు చెప్పమన్నారు.

బోడి పుంజుకి కొత్త పెళ్ళాం వచ్చాక ప్రాణం లేచొచ్చింది. నేను పాత స్వెట్టరు చేతిని కత్తిరించి తొడిగితే, అది వేసుకుని గదంతా తిరిగేది. డ్రయ్యరు కింద కూర్చున్న ఆడవాళ్ళు తెర పక్కకి తీసి చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఊరంతా తెలిసింది, అన్నయ్యకి తప్ప. నా గిరాకీలు నోట్లో నువ్వుగింజ దాచలేరని నాకు తెలుసు, ఆ ఆరేడు వారాలు ఎలా దాచారో ఇప్పటికీ తెలియదు.

మార్చి మొదట్లో పెట్ట ఎనిమిది గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు నేనే వెళ్ళి చెప్పాను. అన్నయ్య చేతిలో ఉన్న తవుడు గిన్నె విసిరికొడతాడనుకున్నాను. విసరలేదు. దాన్ని కింద పెట్టి, "పొయ్యి వేడి ఎక్కువైతే గుడ్డు లోపల ఎండిపోతుంది. పక్కన నీళ్ళ గిన్నె పెట్టు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆరు పిల్లలు వచ్చాయి. రెండు గుడ్లు పెంకులోనే పోయాయి, అది కాళ్ళ పన్ను. పుట్టిన రోజున కోడిపిల్లకి ఉండేది నూగు మాత్రమే, ఉంగరం ఉందో లేదో దేవుడికి కూడా తెలియదు. రెక్క ఈకలు మొలిచి, అవి బయటికి తిరిగితేనే సంగతి. పన్నెండో రోజున మొదటి పిల్ల రెక్క తిరిగింది. పదిహేనో రోజుకి ఐదు తిరిగాయి. నేను దుకాణం వదిలి పెరట్లోకి పరిగెత్తి చెప్పాను. అన్నయ్య తల ఊపి, "ఆరోది?" అన్నాడు.

ఆరోది తిరగలేదు. ఇరవై రోజులు దాటాయి, ఇరవై నాలుగు దాటాయి. మిగతావి చామంతి మొగ్గల్లా విచ్చుకుంటుంటే అది మాత్రం పిచ్చుకలా నున్నగా ఉంది. నా లెక్క ప్రకారం ప్రతి పిల్లకీ ఒక ఎర్ర పుల్ల అందాలి. ఒక్కటి నున్నగా పుట్టిందంటే లెక్కంతా తప్పు. లెక్క తప్పయితే మిగిలిన ఐదూ కేవలం అదృష్టం. వచ్చే ఏడు మళ్ళీ బోడివి పుడితే, అన్నయ్య ఈసారి గూళ్ళు ఊడదీయడం నేను ఆపలేను. నాకు ఆ వారం కత్తెర సరిగ్గా ఆడలేదు. ఒకావిడ చెవి కాస్తలో తప్పింది.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం, ముగ్గురు ఆడవాళ్ళు డ్రయ్యర్ల కింద ఉండగా, ముందు తలుపు జరిపి అన్నయ్య లోపలికొచ్చాడు. చెప్పులు విడిచి, ఎవరి వంకా చూడకుండా, ముక్కు మూసుకుని వెనక గదిలోకి పోయాడు. యొషినాగా అవ్వ, ఉన్న కాస్త జుట్టుకీ రంగు వేయించుకుంటూ, "తొకుజి గారూ, మీకూ తిప్పించమంటారా?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరోది ఇలా ఇవ్వు" అన్నాడు నాతో.

పిల్లని ఎడమ అరచేతిలో బోర్లా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కుడి చూపుడువేలు తోక దగ్గర నుంచి మెడ వైపు, ఈక వాలుకి ఎదురుగా, నెమ్మదిగా నడిపించాడు. ఒకసారి, ఇంకోసారి.

"నున్న ఈకని ఎదురు దువ్వితే వేలు తియ్యగానే మళ్ళీ పడుకుంటుంది. ఇది పడుకోవట్లేదు. లేచి అలా నిలబడుతోంది చూడు. దీనికీ ఉంది ఉంగరం. పైకి తేలలేదంతే. నాన్న ఉన్నప్పుడు ఇలాంటివి ఒకటీ అరా పుట్టేవి. నేను మర్చిపోయాను."

నేను వేలు పెట్టి చూశాను. నాకేం తెలియలేదు. అప్పటికి ఇరవై ఏళ్ళు మగ్గిన హెయిర్‌డ్రెస్సరు వేలికి తెలియనిది ఆయన వేలికి తెలిసింది. "నీ చెయ్యి మంచిది కాదన్నావు" అన్నాను.

ఆయన పిల్లని బుట్టలో దించాడు. కింద కూర్చున్నవాడు లేవలేదు. "నీ లెక్క నిజమే మిత్సుయో. నిజమైతే ఆ బోడివన్నీ నేను చేసినవే. చలీ కాదు, పురుగూ కాదు. ఏటా నేనే ఏరి ఏరి జత కట్టి చేశాను. ఎన్ని పూడ్చానో పెరట్లో." కళ్ళు తుడుచుకోవడానికి నా తువ్వాలు తీసుకున్నాడు, అది పర్మ్ మందు తువ్వాలు. కళ్ళు మండి ఇంకా ఎక్కువ నీళ్ళొచ్చాయి. నేను నవ్వుతూ ఏడ్చాను, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

నవంబరులో పట్నంలో కోళ్ళ ప్రదర్శన జరిగింది. ఉంగరాల చాబోలు నాలుగేళ్ళ తర్వాత వచ్చాయని బల్ల చుట్టూ జనం మూగారు. సుసాకి నుంచి వచ్చిన ఒకాయన జత కావాలన్నాడు. అన్నయ్య ఒక బుట్టలో ఉంగరాల పుంజుని, ఇంకో బుట్టలో ఇత్సుయె గారి దగ్గర నుంచి తెచ్చిన నున్న పెట్టని పెట్టి ఇచ్చాడు. ఆయన మొహం మాడిపోయింది.

"పెద్దాయనా, నేనడిగింది ఉంగరాల జత. ఈ నున్నదాన్ని అంటగడతారేం?"

పొడుగుతోకల వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఆయన సభలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"రెండూ ఉంగరాలవైతే నాలుగింట ఒకటి బోడిది పుడుతుంది. ఆ బోడివాటిని మళ్ళీ కడితే అన్నీ బోడివే. నేను చేశాను. చేసి మా నాన్న ఇచ్చిన సంతతిని ఒక్క పుంజు దాకా తెచ్చాను. ఆ తప్పు నాది. మీరు చెయ్యొద్దు. నున్నదాన్ని పారెయ్యకండి."

నవ్వులు ఆగిపోయాయి. సుసాకి ఆయన నడుం వంచి దణ్ణం పెట్టి రెండు బుట్టలూ తీసుకున్నాడు. జనం పలచబడ్డాక, పదేళ్ళ కిందటే ఉంగరాల చాబోలు మానేశానని చెప్పిన ససవొకా అనే ముసలాయన మా బల్ల దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తొకుజి గారూ, మా వెనక కొట్లో ఒక పెట్ట ఉంది. ఒంటి మీద ఒక్క ఈక లేదు. సిగ్గేసి ఎవరికీ చూపించలేదు. దాని బాధ చూడలేక ఈ వారం మెడ విరిచేద్దామనుకుంటున్నాను."

అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"విరవకండి. వెచ్చగా ఉంచండి. రేపు పొద్దున మొదటి బస్సుకి నున్న పుంజుని తీసుకుని నేనే వస్తాను."